కాయడం మానేసిన నూరువరహాలు

మొదటే ఒక మాట. పగతో నేను పక్కింటాయన చెట్లను ముట్టుకోలేదు. ఆయన కాంపౌండులో కాలు పెట్టలేదు, గోడ మీది నుంచి చెయ్యి చాపలేదు, వేళ్ళలో ఉప్పునీళ్ళు పోయలేదు. ఇవన్నీ చేశానని ప్రొద్దుటూరులో మా వీధి వాళ్ళు కొందరు ఇప్పటికీ అంటుంటారు. నేను చేసిందల్లా మా ఇంట్లో, మా గోడకు ఇవతల, మా చెట్టు మొగ్గలు తెంపడం. పగ తీర్చుకోవడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి నాకు తెలిసి లేదు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూలులో గుడారాల కింద రాజధాని నడుస్తున్న రోజులవి. అనంతపురంలో వృక్షశాస్త్రం చదివి, పులివెందులలో రెండేళ్ళు సైన్సు పాఠాలు చెప్పి, ప్రొద్దుటూరికి మార్పించుకుని మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. పులివెందుల నుంచి నేను సంపాదించుకొచ్చిన ఆస్తి ఒక్కటే. అక్కడి ట్రావెలర్స్ బంగళా తోటమాలి తడిగుడ్డ చుట్టి ఇచ్చిన నూరువరహాల కొమ్మ. దాన్ని పక్కింటి గోడ వారగా నాటాను.

గోడకు అవతల రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఉండేవాడు. వీధిలో అందరికీ ఆయన రెవెన్యూ సార్. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇతరుల భూములు కొలిచి, రిటైరయ్యాక ఇతరుల సంగతులు కొలుస్తుండేవాడు. ఆయనకూ మూడు నూరువరహాల చెట్లు ఉండేవి, నడుమెత్తు, గుండ్రంగా కత్తిరించినవి. ఎప్పుడో జమ్మలమడుగు నుంచి తెచ్చిన ఒక కొమ్మను మూడు ముక్కలు చేసి నాటాడట. ఎర్రగా, గుత్తులు గుత్తులుగా, కొమ్మ కనపడకుండా పూసేవి. ఒక్క కాయ కాసేవి కాదు.

మూడో ఏడు మా చెట్టు పూసింది. ఆ ఏడే ఆయన చెట్లు కాశాయి. శనగగింజంత కాయలు, మొదట పచ్చగా, తర్వాత ఎర్రగా, పండితే నల్లద్రాక్ష రంగు. ఆ ఊళ్ళో ఎవరి నూరువరహాలూ కాయగా చూసినవాళ్ళు లేరు. రెవెన్యూ సార్ అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళనందరినీ పిలిచి చూపించేవాడు.

"బెల్లం నీళ్ళు పోసినానప్పా, ఆముదం పిండి వేసినా. చెట్టంటే ఊరికే కాస్తాదా? చెయ్యి మంచిదై ఉండాల."

మా చెట్టూ కాసింది. దానికీ ఆయన దగ్గర కారణం ఉంది. "నా చెట్ల గాలి తగిలింది గదా, మీదీ కాసింది" అన్నాడు మా అమ్మతో. అందులో సగం నిజమే. పెద్దమనుషుల మాటల్లో సగం నిజం మామూలుగా ఉంటుంది.

మిగతా సగం ఏమిటంటే, ఆయన మూడు చెట్లూ ఒకే కొమ్మ ముక్కలు. పైకి మూడు, లోపల ఒకటే చెట్టు. నూరువరహాలకు తన పుప్పొడి తనకు పనికిరాదు. తాతలు వేరైన చెట్టు ఇంకొకటి దగ్గర్లో ఉండి, సీతాకోకచిలుక దాని పుప్పొడిని మోసుకొచ్చి అంటిస్తేనే కాయ కడుతుంది. ఒకే గోత్రంలో పెళ్ళి కుదరదన్నట్టు. పులివెందుల చెట్టు వచ్చాకే జమ్మలమడుగు చెట్లకు సంబంధం కుదిరింది. ఈ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. అడగనిదే పాఠం చెప్పడం బడిలో అలవాటు, ఇంటి దగ్గర కాదు.

సీతాకోకచిలుకల మీద పూర్తి నమ్మకం లేక, పొద్దున్నే ఈనెపుల్ల చివర పొట్టి గోడ మీదికి వాలిన ఆయన పూల పుప్పొడి తీసుకుని మా పూలకు అంటించేవాణ్ణి. చదివిన చదువును మరిచిపోకుండా ఉండాలి కదా. ఆయన పళ్ళు తోముకుంటూ చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. చూసింది దాచిపెట్టుకుంటున్నాడని నాకు తెలియలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొద్దికాలానికి మా అమ్మ నాకు జమ్మలమడుగులో ఒక సంబంధం చూసింది. పెళ్ళిచూపులకు పోయాం. పిల్లను పాట పాడమన్నారు. పాడలేదు. నన్ను చూసి, "వృక్షశాస్త్రమంటే చెట్లెక్కేది కూడా నేర్పిస్తారా?" అని అడిగింది. వాళ్ళ నాయన దగ్గాడు, మా అమ్మ చీర కొంగు సర్దుకుంది. నేను అక్కడికక్కడే నిర్ణయం చేసుకున్నాను.

మా వైపు ఆచారం, పిల్లనిచ్చేవాళ్ళు మగపిల్లవాడి ఊరికి వచ్చి ఇరుగుపొరుగును విచారిస్తారు. పిల్ల తండ్రి వచ్చాడు. నేరుగా రెవెన్యూ సార్ ఇంటి అరుగు ఎక్కాడు. అక్కడ జరిగిన మాటలు తర్వాత సంబంధం తెచ్చిన మధ్యవర్తి నాకు పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"పిల్లోడు మంచోడేనప్పా. బుద్ధిమంతుడు. బీడీ లేదు, పేకాట లేదు." ఇక్కడ ఒక నిట్టూర్పు. "పొద్దున్నే లేచి పూలల్లో పుల్ల పెట్టి తిప్పుతుంటాడు. ఒక్కో పువ్వుతో ఏందో మాట్లాడుతుంటాడు కూడా. చదువు జాస్తి అయితే అట్లనే. మీకు తెలీనిదేముంది."

నేను పూలతో మాట్లాడలేదు. లెక్కపెట్టుకున్నాను. కానీ ఆ తేడా చెప్పే అవకాశం నాకు ఎవరూ ఇవ్వలేదు. పిల్ల తండ్రి ఆ అరుగు మీదే మజ్జిగ తాగి, దిగేటప్పటికి ఆ ఇంటి కొడుకు జాతకం అడిగి తీసుకున్నాడు. ఫాల్గుణంలో ఆ పిల్ల రెవెన్యూ సార్ కోడలై గోడకవతలికి వచ్చింది. పెళ్ళికి పోయాను. ఓళిగలు తిన్నాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. పగ ఉంటే భోజనం మానాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

మర్నాటి నుంచే మొగ్గలు తెంపడం మొదలుపెట్టాను.

మొగ్గ ఎరుపెక్కి విచ్చకముందే గుత్తి గుత్తి గిల్లి తట్టలో వేసేవాణ్ణి. ఒక్క పువ్వు కూడా విచ్చకూడదు. మా చెట్టు పుప్పొడి లేకపోతే అవతల బెల్లం నీళ్ళు పోసినా, పాయసం పోసినా ఒకటే. అమ్మ దేవుని పటం దగ్గర నేను పోసిన మొగ్గల కుప్ప చూసి రెండు రోజులు సంతోషపడింది. మూడో రోజు అడిగింది.

"పుట్టి బుద్ధెరిగి దేవునికి దండం పెట్టినోనివి కాదు. ఏందిరా ఈ భక్తి?"

"వయసొస్తోంది కదమ్మా."

"ఇరవైయారేండ్లకేనా?"

ఒక పొద్దున గోడకవతల బావి దగ్గర నుంచి ఆ పిల్ల కూడా అడిగింది. మా అమ్మను పెద్దమ్మా అని పిలిచేది గనక నన్ను అన్నా అనడం న్యాయమే. విన్న ప్రతిసారీ పగకు కాస్త ఎరువు పడేది.

"అన్నా, విచ్చకముందే యాల తెంపుతాండావు?"

"దేవునికి."

"దేవునికి మొగ్గలు పెట్టరన్నా. పూలు పెడతారు."

"మా దేవుడు వేరు."

ఆమె బిందె ఎత్తుకుని, నన్నూ తట్టనూ ఒకసారి చూసి పోయింది.

వైశాఖం అయింది, జ్యేష్ఠం అయింది. అవతలి మూడు చెట్లూ ఎప్పటికంటే ఎక్కువ పూశాయి. పూలు ఎండి రాలాయి. పిందె లేదు. రెవెన్యూ సార్ బెల్లం రెట్టింపు చేశాడు. పేడనీళ్ళు పోశాడు. ఎవరో చెబితే చేపముళ్ళు పాతాడు. శాకాహారి ఇంట్లో చేపముళ్ళు ఎలా వచ్చాయో వీధిలో రెండు రోజులు చర్చ జరిగింది. చివరికి, ఇలాంటివి మూఢనమ్మకాలని అరుగు మీద ఉపన్యాసాలిచ్చే మనిషి, ఒక ఉదయం చెట్టుకు పాత చెప్పూ అరిగిన చీపురూ వేలాడదీశాడు.

అంతటితో ఆగలేదు. కాయని చింతచెట్టుకు పొలాల్లో చేసే తంతు ఒకటుంది. ఒకడు గొడ్డలి ఎత్తి కొట్టేస్తానంటాడు, ఇంకొకడు చెట్టు తరఫున పూచీ పడతాడు. నడుమెత్తు పూలమొక్క ముందు ఆ తంతు జరగడం నేను మాత్రమే చూశాననుకుంటాను.

"ఇది కాయదు, కొట్టేస్తా!" అన్నాడు రెవెన్యూ సార్, గొడ్డలి ఎత్తి.

"వద్దు, కాస్తాది, వదిలిపెట్టు" అంది ఆయన భార్య, చేతిలో చేట కిందపెట్టకుండా. "బియ్యం ఏరుకోవాల, బిరీన కానీ."

నేను మిద్దె మీద ఉన్నాను. ఆ పొద్దు నాకు కాఫీ చాలా రుచిగా ఉంది. ఇంకో ఏడు ఇలాగే సాగితే ఆయన చెట్టుకు పొర్లుదండాలు పెడతాడని లెక్క వేసుకున్నాను.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తతో ఒకే ఇంట్లో ఉండకూడని నెల గనక ఆ పిల్ల పుట్టింటికి జమ్మలమడుగు పోయింది. శ్రావణం రాగానే అత్తవారు పోయి పిలుచుకురావాలి. శ్రావణం వచ్చింది. కోడలు రాలేదు. ఆమె మొగుడు కడపలో గుమాస్తా, శనివారం వచ్చి ఆదివారం పోయేవాడు. అమ్మ మాట దాటడు, నాయన మాట దాటడు. పెళ్ళాం మాట వినే అవకాశం ఇంకా రాలేదు.

రెండో శుక్రవారం రెవెన్యూ సార్ భార్య గోడ దగ్గర మా అమ్మతో చెప్పింది. నేను లోపల కాపీలు దిద్దుతున్నాను.

"పిలుచుకరాము వదినా. రెండేండ్లు విరగకాసిన చెట్లు. శ్రావణ శుక్రవారం అమ్మవారి ముందర ఆ పండ్ల గుత్తే పెట్టేది మా ఇంట్లో. ఈ యమ్మ కాలు పెట్టినాది, ఒక్క పిందె లేదు. చెట్టుకే ఇట్లుంటే, రేపు కడుపు పండుతాదా? ఆయప్ప గూడా అదే అంటాడు, కాలు మంచిది కాదని. వాళ్ళ నాయనకు జాబు రాసినాం, ఆడనే పెట్టుకోమని."

ఎర్రసిరా పేజీ మీద కారిపోతోంది. గమనించలేదు.

అమ్మ లోపలికి వచ్చింది. మొగ్గల తట్ట తెచ్చి నా ముందు పెట్టింది. అమ్మ వృక్షశాస్త్రం చదవలేదు. ఐదు నెలలుగా చూస్తోంది, అంతే.

"ఎవరి మెడకు చుట్టుకున్నాయో చూసినావా నీ మొగ్గలు?"

"నేను ఆయన్ను..."

"ఆయన అరుగు మీద సక్కంగ ఉండాడు. సద్దన్నం తింటాండాడు. ఆ పిల్లింటికి పోయి చెప్పిరా."

పగ పట్టినవాడికి ఒక గౌరవం ఉంటుంది. గురి తప్పినవాడికి ఉండదు. మర్నాడు సెలవు చీటీ రాసి జమ్మలమడుగు బస్సెక్కాను.

పిల్ల తండ్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వేనా, పూలల్లో పుల్ల పెట్టి తిప్పే పిల్లోడివి?"

"నేనేనండీ."

"ఇప్పుడేం తిప్పనీకి వచ్చినావు?"

మొత్తం చెప్పాను. పుప్పొడి, ఒకే కొమ్మ ముక్కలు, సీతాకోకచిలుకలు. పరపరాగసంపర్కం అనే మాట దగ్గర ఆయన కూతుర్ని లోపలికి పొమ్మన్నాడు. ఆమె పోలేదు. స్తంభానికి ఆనుకుని చివరి దాకా విని, అప్పుడు అడిగింది.

"అంటే నా కాలుది కాదు. నీ చెయ్యిది."

"అవును."

"దేవునికి అంటివి గదన్నా. ఏ దేవునికి?"

సంబంధం ఎలా చెడిందో అప్పుడు చెప్పాల్సి వచ్చింది. అరుగు, నిట్టూర్పు, మజ్జిగ. ఆ సంగతి ఆమెకు తెలియదు. మా వాళ్ళే జమ్మలమడుగు పిల్ల వద్దన్నారని ఆమెకు చెప్పి ఊరుకున్నారట. తండ్రి వైపు చూసింది. ఆయన కప్పులో దూలాలు లెక్కపెడుతున్నాడు.

"బాగుండాది" అంది. "ఆయప్ప నీ మీద కక్ష కడతాడు, నువ్వు ఆయప్ప మీద కక్ష కడతావు. మీ ఇద్దరి నడుమ హద్దురాయినా నేను?"

"తప్పు నాదే" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? మా అత్తకు చెప్పు. అరుగు మీద నలుగురు ఉన్నప్పుడు చెప్పు. చెప్తే నమ్మరు, చేసి చూపించు. అప్పటిదాకా మా ఇంట్లో నీళ్ళు గూడా తాగొద్దు."

నీళ్ళు తాగకుండానే వచ్చాను. ఎండగా ఉంది.

ఆ సాయంత్రం రెవెన్యూ సార్ అరుగు నిండా మనుషులున్నప్పుడు పోయి, మొగ్గలు తెంపింది నేనేనని చెప్పాను. ఎందుకు తెంపానో కూడా. నాకు పిచ్చి అన్న సంగతి అంతవరకూ పుకారు, అప్పటి నుంచి సాక్ష్యం దొరికింది.

"నా చెట్లు కాయాలంటే నీ చెట్టు కావాల్నా?" అన్నాడు రెవెన్యూ సార్. "నవ్విపోతారప్పా. ఇంటికి పో. అమ్మకు చెప్పి తలకు ఆముదం పెట్టించుకో."

"పది గుత్తులు ఇయ్యండి సార్. చూపిస్తా."

ఇచ్చేవాడు కాదు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. "చూపించనీ. పోయేదేముంది?" అంది.

మా చెట్టు మీద చెయ్యి వేయడం మానేశాను. వారం పది రోజుల్లో విచ్చింది. ఈలోగా అవతల పది గుత్తులకు, మొగ్గలుగా ఉన్నప్పుడే, సీతాకోకచిలుకలు దూరకుండా పలుచని గుడ్డ సంచులు కట్టించాను. విచ్చినాక ఐదింటికి మా చెట్టు పుప్పొడి అంటించాను, ఐదింటికి వాళ్ళ చెట్లదే. ఈనెపుల్ల నాది. దారాలు కట్టింది మాత్రం రెవెన్యూ సార్ భార్యే, మా చెట్టుదానికి ఎర్రదారం, వాళ్ళదానికి తెల్లదారం. రోజూ పొద్దున వచ్చి ముళ్ళు పట్టి చూసుకునేది, నేను రాత్రికి రాత్రి మార్చానేమోనని. నా మీద ఆమెకున్న నమ్మకం అంత.

భాద్రపదం నడుమ సంచులు విప్పింది. తెల్లదారం గుత్తులు ఎండిన పుల్లలు. ఎర్రదారం గుత్తుల్లో గుండుసూది తలలంత పచ్చని పిందెలు, గుత్తికి ఐదారు. ఆమె ఒక్కో పిందెనూ వేలితో తాకి చూసింది. ముందు నన్ను చూసింది.

"నీ చేతులు ఇరగ. ఆడపిల్ల ఉసురు పోసుకున్నావు గదరా."

తర్వాత మొగుణ్ణి చూసింది. ఆయనకు ఎక్కువ దొరికింది.

"ముప్పై ఏండ్లు గొలుసు పట్టుకోని ఊర్లన్నీ కొలిచినావు. నీ ఇంటి చెట్లకు మగడు గోడకవతల ఉండాడని తెల్సుకోలేకపోతివి. కాలు మంచిది కాదంటివి. నీ మాట విని నేను గూడా అంటిని. పద, బస్సుకు పద."

అరుగు మీద వాళ్ళు నవ్వారు. రెవెన్యూ సార్ నవ్వలేదు. నేను నవ్వు ఆపుకున్నాను, పెద్దవాళ్ళ ముందు కదా.

ఇద్దరూ పొద్దున బస్సుకు జమ్మలమడుగు పోయారు. మధ్యాహ్నం బస్సుకు ఇద్దరే తిరిగొచ్చారు. ఆయన అరుగు ఎక్కకుండా నేరుగా లోపలికి పోయాడు. ఆమె గోడ దగ్గరికి వచ్చి అమ్మతో చెప్పింది.

"ఆ చెట్లు ఉన్నంతవరకు రాదంట వదినా. రేపు ఇంగో ఏడు కాయకపోతే మళ్ళా నా కాలే అంటారు అనె. కూలోన్ని పెట్టి కొట్టిస్తామంటి. కాదంట. మామే కొట్టాలంట."

ఐదు నెలలు పొద్దున్నే లేచి తట్టలకు తట్టలు గిల్లినవాణ్ణి. ఇలాంటిది నాకు తట్టనేలేదు.

రెవెన్యూ సార్ రెండు రోజులు ఉలకలేదు. మూడో రోజు భార్య పొయ్యి వెలిగించలేదు. నాలుగో రోజు గొడ్డలి తీశాడు. ఈసారి పూచీ పడేవాళ్ళు ఎవరూ లేరు. అలవాటు లేని చెయ్యి. రోజుకు ఒక చెట్టు. ఎర్రదారం గుత్తులతో సహా కింద పడ్డాయి. నేను మిద్దె మీద కుర్చీ వేసుకున్నాను. మొదటి రోజు ఆయన తల ఎత్తి చూశాడు.

"చూడప్పా, బాగా చూడు. దీనికే గదా."

"చూస్తాండా సార్" అన్నాను.

చూశాను. మూడు రోజులూ చూశాను, బడికి పోయే వేళ తప్ప. జాలి వేసిందని రాస్తే మీకు నా మీద మంచి అభిప్రాయం కలుగుతుంది. వేయలేదు. ఆయన అరచేతులు బొబ్బలెక్కి గుడ్డ కట్టుకున్నప్పుడు కూడా, ఆ నిట్టూర్పు ఎంత పొడుగ్గా విడిచి ఉంటాడో అనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం బస్సుకు ఆ పిల్ల తండ్రితో వచ్చింది. గేటు దగ్గర ఆగింది. చేతిలో ట్రంకుపెట్టె కింద పెట్టలేదు. అత్త హారతిపళ్ళెంతో వాకిట్లో నిలబడింది. ఆ పిల్ల అత్తను చూడలేదు, చెట్లుండిన చోటు చూసింది.

"మామా, మొద్దులుండాయి."

"కొట్టేసినా గదమ్మా. ఇంగేముంది?"

"వేరుంటే చిగురేస్తాది మామా. గోడకవతలాయన బి.ఎస్సీ. చదివినాడు గదా, అడగండి."

రెవెన్యూ సార్ నా వైపు చూశాడు. వీధి మొత్తం నా వైపు చూసింది. ఆ పిల్ల మాత్రం చూడలేదు. జమ్మలమడుగులో ఆ రోజు తర్వాత ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు, అన్నా అని పిలవనూ లేదు.

"చిగురేస్తాది సార్" అన్నాను. శాస్త్రం అదే చెబుతుంది.

ఆయన గుడ్డ కట్టిన చేతులతో గడ్డపార అందుకున్నాడు. హారతి ఆరిపోతే అత్త మళ్ళీ వెలిగించింది, అదీ ఆరిపోయింది, మళ్ళీ వెలిగించింది. పిల్ల తండ్రి సాయం పోబోతే ఆమె "నాయనా, నువ్వు గమ్మునుండు" అంది. దీపాలు పెట్టే వేళకు మూడో మొద్దు వేళ్ళతో సహా బయటికి వచ్చింది. ఆమె గుంటలోకి వంగి చూసి, ట్రంకుపెట్టె మార్చి పట్టుకుని, గడప దగ్గరికి నడిచింది.

"కుడికాలమ్మా, కుడికాలు" అంది అత్త.

ఆమె విన్నది. ఒక్క క్షణం ఆగింది కూడా. తర్వాత అత్త మొహంలోకి చూస్తూ, తొందర లేకుండా, ఎడమకాలు లోపల పెట్టింది.